‘మరేటి సూసొచ్చినావు?’

రండి, రండి. ఆ పీట ఇటు లాక్కోండి, పొగ మీ వైపు తిరుగుతోంది. ఉద్దానంలో పుష్యమాసపు చలి అంటే మీరు నవ్వుతారని తెలుసు. మంచుకొండలు చూసొచ్చినావిడకి సోంపేట చలి ఒక చలేనా అని మా ఆయన, అదే మా మాస్టారు కూడా రోజుకోసారి అంటూనే ఉంటారు. అక్కడి చలిని గుమ్మం అవతలే ఆపేస్తారండీ. ఇక్కడి చలి మనతోపాటే ఇంట్లో కాపురం ఉంటుంది. అందుకే ఈ కొబ్బరి డొక్కలు, ఈ మట్టలు, ఈ మంట. నిప్పులు బాగా పడ్డాక నాలుగు చిలగడదుంపలు బూడిదలో కప్పెట్టాను. అవి మగ్గేలోగా మీకో సంగతి చెప్పాలి.

అదిగో, ఆ మూల కంబళి కప్పుకుని కూచున్నాడే, మా జీడితోట కాపలా తాత. నిన్న ఇదే మంట దగ్గర నన్ను అడిగాడు: “ఏటమ్మా, అమిరికాలో కొండలు నిప్పులు కక్కుతాయంట, నువ్వు సూసినావంట?”

“చూశాను తాతా” అన్నాను, కాస్త గొప్పగానే.

“కక్కిందేటి?”

“లేదు. మేం వెళ్ళినప్పుడు ఏదీ కక్కలేదు.”

“మరేటి సూసొచ్చినావు?”

అంతే. ముప్పై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పిన నోరు మూతబడింది. రాత్రంతా అదే ఆలోచన. నిజంగా నేనేం చూసొచ్చాను? మీతో చెబుతూ ఉంటే నాకే తేలుతుందేమో చూద్దాం.

మా పెద్దాడు సియాటిల్లో ఉంటాడు. పోయిన జూలైలో పది రోజులు సెలవు పెట్టి మమ్మల్నిద్దర్నీ, కోడల్నీ, మనవరాల్నీ కారెక్కించాడు. సియాటిల్ నుంచి దక్షిణంగా, అగ్నిపర్వతాల వరస వెంబడి, కాలిఫోర్నియా పై కొస దాకా. దారి తిండికి నేను ఒక పెద్ద డబ్బాడు పులిహోర, దబ్బకాయ ఊరగాయ, చేగోడీలు సర్దాను. మా మాస్టారు ప్రయాణం మొదలైన అరగంటకే చేగోడీల డబ్బా మూత తీశారు. పార్కులో గుడారాలు వేసుకునేచోట మాత్రం ఆ డబ్బాలన్నీ ఇనప పెట్టెలో పెట్టి గడియ వేయాలన్నారు, ఎలుగుబంటి వాసన పట్టి వస్తుందట. ప్రతి మలుపులోనూ ఎలుగు బొమ్మతో ఒక బోర్డు. నాకు నవ్వొచ్చింది. మా మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎలుగుకి బోర్డు ఎవరూ పెట్టలేదు. జీడిపళ్ళ కాలంలో, పనసపళ్ళ కాలంలో అది తిన్నగా తోటలోకే వస్తుంది. తెల్లారుజామున తోటకి వెళ్ళి తిరిగి రానివాళ్ళూ ఉన్నారు. ఇంతా చేసి ఆ పది రోజుల్లో మాకు ఎలుగు తోక కూడా కనబడలేదు. (ఎలుగుకి తోక ఉంటుందా అని అడక్కండి. ఉంటుంది, బొత్తిగా చిన్నది.)

మొదటి కొండ మౌంట్ రెయినియర్. 14,410 అడుగులు. సియాటిల్ వాళ్ళు మబ్బులేని రోజున దాన్ని చూసి “ఇవాళ కొండ బయటికొచ్చింది” అనుకుంటారట, ఇంట్లోంచి కొత్తకోడలు వాకిట్లోకి వచ్చినట్టు. ఆ మాట నాకు భలే నచ్చింది. వాన వెలిసిన సాయంత్రం మా మేడ మీంచి మహేంద్రగిరి నీలంగా తేలినప్పుడు మనమూ అలా అనుకోవచ్చు కదా అనిపించింది. 1899లోనే దాన్ని నేషనల్ పార్కు చేశారు. తెల్లవాళ్ళు రాకముందు అక్కడివాళ్ళు దాన్ని టహోమా అనేవారు. పైన పారడైజ్ అనే చోటుంది. పేరే స్వర్గం. 1971-72 చలికాలంలో అక్కడ కురిసిన మంచంతా కూడితే 1,122 అంగుళాలట. అంటే మా పెరటి కొబ్బరిచెట్టు మీద ఇంకో కొబ్బరిచెట్టు నిలబెట్టినంత. మేం వెళ్ళేసరికి మంచు పక్కనే పూలు. కొండంతా కుంకుమా పసుపూ చల్లినట్టు.

అక్కడో బోర్డు. ఈ కొండ వయసు సుమారు ఐదు లక్షల ఏళ్ళు అని. మా మనవరాలు అది పైకి చదివి, నా వైపు తిరిగి, “మామ్మా, మీ ఊరి కొండకి ఎన్నేళ్ళు?” అంది. మహేంద్రగిరి గురించి. నాకు తెలియదు. “చాలా పెద్దదమ్మా” అని తప్పించుకున్నాను. పిల్లలు ఇలాంటివి మరిచిపోరు. ఆ తర్వాత ప్రతి బోర్డు దగ్గరా అదే ప్రశ్న.

రెండోది సెయింట్ హెలెన్స్. దీని దగ్గర కాస్త నిదానంగా చెబుతాను. 1980 మే 18, ఆదివారం, పొద్దున్న 8.32కి ఆ కొండ ఉత్తరపు పక్క మొత్తం విరిగి జారిపోయింది. లోపల బిగబట్టుకున్న ఆవిరీ బూడిదా పైకి కాకుండా పక్కకి తన్నింది. 57 మంది పోయారు. 9,677 అడుగుల కొండ 8,363 అడుగులైంది. స్పిరిట్ లేక్ ఒడ్డున హ్యారీ ట్రూమన్ అని 83 ఏళ్ళ ముసలాయన లాడ్జి నడిపేవాడు. పదహారు పిల్లులతో కాపురం. అధికారులు వచ్చారు, పేపరు వాళ్ళు వచ్చారు, లేచి వచ్చెయ్యమని ఎంత చెప్పినా కదల్లేదు. భార్య పోయింది, ఈ కొండ తప్ప నాకింకెవరున్నారు అన్నది ఆయన పట్టు. ఇప్పుడు ఆ లాడ్జీ లేదు, ఆయనా లేడు. అన్నీ ఆ రాళ్ళ కిందే.

మా కోడలు “ఎంత మొండితనమో” అంది. మా మాస్టారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వస్తోందన్నప్పుడు మా వీధిలో ఎంతమంది ముసలాళ్ళు కదిలారు? “కొబ్బరిచెట్లని ఒగ్గీసి ఏటికెళ్తాం బాబూ” అన్నవాళ్ళే అందరూ. 11వ తారీఖు తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి తలుపు తీస్తే ఆకాశం మునుపటికంటే పెద్దదిగా కనబడింది. ఎందుకో చప్పున అర్థం కాలేదు. చెట్లు లేవు. అంతే. తాతలు వేసిన తోటలు ఒక్క రాత్రిలో నేలమీద పడుకున్నాయి.

ఇది ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, సెయింట్ హెలెన్స్ వాలు మీద నలభై ఏళ్ళు దాటినా ఆనాడు పడ్డ మానులు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి. వేలకి వేలు. అన్నీ ఒకే దిక్కుకి తల పెట్టుకుని. పెద్ద దువ్వెనతో ఎవరో ఒక్కసారి దువ్వినట్టు. తిత్లీ మర్నాడు మా తోటలోనూ సరిగ్గా ఇలాగే పడున్నాయి. తలలన్నీ ఒక్క దిక్కుకే. పరాయి దేశంలో, ఎవరిదో కొండ మీద, నేను నిలబడి ఏడ్చాను. మనవరాలికి ఏమీ అర్థంకాక నా చీర కొంగు పట్టుకుని నిలబడింది.

ఆ మానుల మధ్య ఊదారంగు పూల మొక్కలు లేచాయి. లూపిన్ అంటారట. ఆ ఉత్త బూడిదలో మొదట వేళ్ళు పట్టినవాటిలో అదొకటి. మన జనుములాగే గాలిలోంచి నత్రజని తీసి నేలకి పెట్టే జాతి. మా తోటలోనూ మళ్ళీ పిలకలు నాటాం. కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది కదండీ. జనుమంత దయ దానికి లేదు.

ఇంక తేలిక సంగతి. మూడోది క్రేటర్ లేక్. 1902 నుంచి నేషనల్ పార్కు. ఇక్కడ కొండ చూద్దామని వెళితే కొండ లేదు! పన్నెండు వేల అడుగుల మౌంట్ మజామా సుమారు 7,700 ఏళ్ళ కిందట పేలి, కడుపు ఖాళీ అయిపోయి, తనలోకి తానే కూలింది. ఆ గుంటలో వానా మంచూ నిండి చెరువైంది. నీళ్ళు తెచ్చే ఏరు లేదు, తీసుకుపోయే ఏరూ లేదు. 1,943 అడుగుల లోతు, అమెరికాలో అన్నిటికన్నా లోతైన సరస్సు. నీలం అంటే ఏమిటో అక్కడ చూశాను. మట్టి కలిపే ఏరు లేదు గనక ఆ నీలం. అక్కడి క్లామత్ ఆదివాసుల పెద్దలు ఆ కొండ కూలడాన్ని కింది లోకపు దేవుడికీ పై లోకపు దేవుడికీ జరిగిన యుద్ధంగా చెప్పుకుంటారు. సైన్సు వాళ్ళు చాలా వెనకాల వచ్చి, అవును, కూలింది అన్నారు.

ఆ సరస్సులో ఒక ముసలాడున్నాడు. నిజంగానే ‘సరస్సు ముసలాడు’ అనే పిలుస్తారు. ముప్పై అడుగుల మోడు, నిటారుగా నిలబడి తేలుతూ ఉంటుంది. తల మాత్రం నాలుగడుగులు పైకి. 1896 నుంచీ దాన్ని చూసినవాళ్ళున్నారు. ఒకచోట నిలవదు. 1938లో మూడు నెలలు కనిపెట్టి లెక్కేస్తే 62 మైళ్ళు తిరిగిందట. 1988లో శాస్త్రజ్ఞులు చిన్న జలాంతర్గామితో సరస్సు అడుగు చూడాలని, పడవలకి అడ్డొస్తుందేమోనని దాన్ని కట్టేశారట. అంతే, వాతావరణం చెడిపోయింది. విప్పేశాక తెరిపిచ్చిందట. ఈ కథ చెప్పింది పార్కు ఉద్యోగి, టోపీ పెట్టుకుని, బొత్తిగా నవ్వకుండా. మా మాస్టారు నా చెవిలో, “చూశావా, శాస్త్రజ్ఞుల దేశంలో కూడా ముసలాణ్ణి కట్టేస్తే వానొస్తుంది” అన్నారు. అప్పట్నుంచీ ఏ పని చెప్పినా, నన్ను కట్టెయ్యకు, తుఫానొస్తుంది అంటున్నారు.

చివరిది లాసెన్. ఇది 1914 నుంచి 1917 దాకా అడపాదడపా పేలుతూనే ఉంది, మధ్యలో 1916లో పార్కు చేసేశారు. ఉడుకుతున్న కొండకి కంచె వేసి టిక్కెట్టు పెట్టారన్నమాట. ఇక్కడ ‘బంపస్ నరకం’ అని ఒక చోటుంది. 1860ల్లో బంపస్ అనే ఆయన ఆ బుడగల గుంటల్ని కనిపెట్టాడు. జనానికి చూపిస్తూ పైపొర మీద కాలేశాడు, అది పెంకులా విరిగి కాలు ఉడుకు బురదలో దిగింది. చివరికి ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. మనిషి కాలు పోయింది, చోటుకి పేరు మిగిలింది. ఇప్పుడు చెక్కల వంతెన వేశారు, దాని మీంచే నడవాలి. వాసన మొదట్లో దీపావళి మర్నాటి వీధిలా ఉంది, పోను పోను కుళ్ళిన కోడిగుడ్డు అయింది. బురద బుడబుడలాడుతోంది, అచ్చం చోడి అంబలి ఉడుకుతున్నట్టు.

సియాటిల్ తిరిగొచ్చాక ఒక తమాషా. మా కోడలి స్నేహితురాలు వంటింటి గట్టుకి రాయి ఎంచుకోవాలంటే మేమూ తోడెళ్ళాం. ఆ దుకాణంలో గోడకానించిన పలకల్లో నీలిరంగు గ్రానైటు పలక ఒకటి చూసి మా మాస్టారు ఆగిపోయారు. “ఇది మన టెక్కలి రాయే!” అన్నారు. అడిగితే దుకాణంవాడు ఇండియా నుంచి వచ్చిందన్నాడు. నా కంటే ముందే వీసా తెచ్చుకుని వచ్చి కూచుంది. టెక్కలి చుట్టుపక్కల కొండలు తొలిచి పంపే ఆ నీలి గ్రానైటుకి వ్యాపారంలో శ్రీకాకుళం బ్లూ అని పేరే ఉంది. లక్షల ఏళ్ళ కొండకి బోర్డు పెట్టి, పువ్వు కొయ్యనివ్వకుండా కాపాడే దేశంలో, మా కొండ ముక్క గజానికింత అని ధర చీటీతో నిలబడింది. మనవరాలు మళ్ళీ అదే: “మామ్మా, దీనికి ఎన్నేళ్ళు?”

ఊరొచ్చాక మొదట చేసిన పని అది కనుక్కోవడం. జియాలజీ చదివిన మా పెద్దాడి స్నేహితుణ్ణి పట్టుకుని కూచోబెట్టాను. ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు చెబుతాను, వినండి.

మన తూర్పు కనుమలు అగ్నిపర్వతాలు కావు. కానీ నిప్పు చూడనివీ కావు. మన కొండల్లో ఎక్కువగా ఉండే ఒక రాయి పేరు ఖొండలైటు. 1902లో వాకర్ అనే ఆయన కొండల్లో ఉండే ఖోండుల పేరే దానికి పెట్టాడు. కోణార్క గుడి కట్టింది చాలావరకు ఆ రాయితోనే. ఆ రాయి మొదట ఏమిటో తెలుసా? బురద. ఎప్పటిదో సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టీ ఇసకా. అది భూమి లోపలికి పాతిక ముప్పై కిలోమీటర్లు కూరుకుపోయింది. ఇంచుమించు వంద కోట్ల ఏళ్ళ కిందట అక్కడ 900 డిగ్రీలు దాటిన వేడిలో మగ్గింది. పొంగి బయటపడలేదు. అలాగే మగ్గి, గట్టిపడి, పైనున్న నేలంతా కోట్ల ఏళ్ళపాటు కొట్టుకుపోయాక మెల్లగా వెలుగు చూసింది.

రెయినియర్‌కి ఐదు లక్షల ఏళ్ళు. మనదానికి వంద కోట్లు. ముసలాళ్ళని ఇంట్లో వదిలేసి చంటిపిల్లాడి అల్లరి చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాం మేము.

ఆ మగ్గినప్పుడే బురదలోంచి ఎర్రటి గింజలు పుట్టాయి. గార్నెట్లు. రాయి పగలగొడితే దానిమ్మ గింజల్లా కనబడతాయి. వానలకి కొండ అరిగి, నాగావళీ వంశధారా వాటిని సముద్రంలో పోస్తే, కెరటం మళ్ళీ తెచ్చి ఒడ్డున పరుస్తుంది. కళింగపట్నం, భావనపాడు ఒడ్డున ఇసకలో ఎర్రటి, నల్లటి చారలు మీరూ చూసే ఉంటారు. ఆ ఎరుపు ఇదే. చిన్నప్పుడు ఆ ఇసక దోసిట్లో పోసుకుని కుంకుమ ఆట ఆడుకున్నాం. వంద కోట్ల ఏళ్ళ కుంకుమ అని ఎవరు చెప్పారు?

నిజంగా కారిన లావా మన తెలుగు నేల మీదా ఉంది, కాకపోతే మనది కాదు. రాజమండ్రి దగ్గర కాతేరులో, గోదావరి అవతల పంగిడిలో ఉన్న నల్లరాయి దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి లావా. పడమటి కనుమల వైపు పుట్టి నదీలోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందంటారు. ఇప్పుడది కంకరై రోడ్ల కింద పడుతోంది.

బతికున్న అగ్నిపర్వతం కావాలంటే మన దేశంలో ఒక్కటే, అండమాన్లో బారెన్ ఐలాండ్. 1832 తర్వాత నిద్రపోయి 1991లో లేచింది. అండమాన్ అనగానే మీకేమో గానీ, మా సోంపేట, కవిటి వైపు వాళ్ళకి అది పొరుగూరు. విశాఖలో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి వేటకీ కూలికీ స్థిరపడినవాళ్ళు వీధికొకరున్నారు. అక్కడ బజార్లో మన యాస వినబడుతుంది. మా పాత విద్యార్థి ఒకడు పండక్కి వచ్చినప్పుడు చెప్పాడు, రాత్రి పడవలోంచి దూరంగా ఎర్రగా వెలిగేది చూశానని. “భయం వెయ్యలేదురా?” అంటే, “దానికేటండి టీచరుగారూ, దాని పని అది సేసుకుంటాది” అన్నాడు. నేను లక్షలు పోసి పది రోజులు తిరిగి చూడనిది వాడు వలలు సర్దుకుంటూ చూశాడు.

మనవరాలు సంక్రాంతికి రాగానే మహేంద్రగిరి ఎక్కించాం. కొండ ఒడిశా గజపతి జిల్లాలోది. కోయిన్‌పూర్ మీదుగా ఘాట్ రోడ్డు. మందసలో ఆగి కోవా కొన్నాం, అది కొనకుండా ఆ దారిన వెళ్ళేవాళ్ళని నేను చూడలేదు. 1,501 మీటర్లు. పైన కుంతి గుడి, ధర్మరాజు గుడి, పెద్ద పెద్ద రాళ్ళు పేర్చిన భీముడి గుడి. పరశురాముడు ఇప్పటికీ అక్కడే తపస్సులో ఉన్నాడంటారు. రాజేంద్ర చోళుడు తన గెలుపుని అక్కడ శాసనం వేయించుకున్నాడు. మబ్బు విడిపోయినప్పుడు కింద తోటలు, వాటి అవతల గీతలా సముద్రం. ఈ కొండ మీదే పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర ఆ గీతలో కలుస్తుంది.

మనవరాలు నాలుగు వైపులా తిరిగి చూసి, “బోర్డు ఏది?” అంది.

బోర్డు లేదు. కొండ వయసు చెప్పేవాళ్ళు లేరు. కొండ కథ చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఈ వాలు మీదే ఉన్నారు, సవర ఆదివాసులు. వాళ్ళ మాట వినడానికి చదువుకున్న తెలుగువాళ్ళలో ముందుగా కూచున్నది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. శ్రీముఖలింగం పక్క పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులై, సవర భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఆయనకి దండేస్తాం. సవర సంగతి ఆ సభల్లో ఎవరూ ఎత్తరు. నేనూ ఎన్నోసార్లు మైకు పట్టుకున్నాను, నేనూ ఎత్తలేదు.

దారి పక్కన విరిగిన రాయి ఒకటి తీసి మనవరాలి చేతిలో పెట్టాను. ఎర్ర గింజలు ఎండకి మెరిశాయి. సియాటిల్ తీసుకెళతానంది. అక్కడ వాళ్ళ పార్కుల్లో గులకరాయి తియ్యనివ్వలేదు కదా, ఇక్కడెలా తీస్తావే అన్నాను. చాలాసేపు ఆలోచించి మళ్ళీ అక్కడే పెట్టేసింది, ఎర్ర వైపు పైకి కనబడేలా.

ఉండండి, దుంప కదిపి చూస్తాను. మగ్గాయి. ఈ దుంపని చూపించే తాతకి నిన్నటి ప్రశ్నకి జవాబు చెబుదామనుకున్నాను. ఏం తాతా, విన్నావా? అక్కడి కొండ పొయ్యి మీది పాలగిన్నె, పొంగుతుంది. మన కొండ ఇదిగో ఈ దుంప, బూడిద కింద మగ్గింది.

“అయితే మన కొండ ఎప్పుడో ఉడికిపోనాదన్నమాట.”

“అవును.”

“ఇంక కక్కదేటి?”

“కక్కదు తాతా.”

“మంచిదే. ఎలుగులు సాల్లేదేటి మనకి?”

ఇదిగోండి, ఇది మీది. ఊదుకుంటూ తొక్క తియ్యండి, పైన చల్లారినట్టే ఉంటుంది, లోపల కాలుతుంది.